ఎక్కాల రాగంలో చైనా మాటలు

మీలో ఎవరైనా ఈ మధ్య కొత్త భాష మొదలుపెట్టి, రోజుకు పది మాటలు అని రాసి గోడకు కాగితం అంటించుకొని ఉంటే, ముందుగా నా అభినందనలు. నేనూ అంటించుకున్నవాణ్ణే. నా కాగితం మీద రోజుకు ఐదు మాటలే ఉండేవి, కాకపోతే అవి చైనా మాటలు. అప్పటికి నాకు యాభై మూడేళ్లు. మామిడిపల్లిలో జొన్నలు, కందులు పండించే ఇంట్లో పుట్టి, నర్సింగు చదివి, ముప్పై ఏళ్లు సూదులు వేస్తూ కట్లు కడుతూ బతికినవాణ్ణి. అలాంటి మనిషికి ఆ వయసులో ఈ సరదా ఎందుకు పుట్టిందని మా ఇంట్లో అందరూ అడిగారు. అది సరదా కాదు, సిగ్గు.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై నాలుగేళ్లు అవుతున్న రోజులవి. రావిర్యాల వైపు బండల నడుమ కొత్త షెడ్లు లేస్తున్నాయి. అందులో ఒక ఫ్యాక్టరీలో నేను ఫస్ట్ ఎయిడ్ గది చూసుకునేవాణ్ణి. కాగితం మీద మేల్ నర్సును, అందరి నోటా కాంపౌండర్ని. రెండు మంచాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు, బీపీ మిషను, మందుల బీరువా. అదీ నా రాజ్యం.

ఆ ఏడు ఫ్యాక్టరీకి చైనా నుంచి పెద్ద మిషను వచ్చింది. దాన్ని బిగించడానికి పన్నెండు మంది పనివాళ్లు, వాళ్ల మీద ఒక ఫోర్‌మన్ వచ్చారు. మాటలు అటూ ఇటూ చెప్పడానికి హైదరాబాద్‌లో చైనా భాష చదువుకున్న ఒక అమ్మాయిని పెట్టారు. ఆ అమ్మాయి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషను దగ్గరే ఉండేది. నా గదికి వచ్చేవాళ్లు మాత్రం ఒంటరిగా వచ్చేవారు.

మొదటి వారంలోనే ఒకతను కడుపు పట్టుకొని వచ్చాడు. మొహం చూస్తే పాపం అనిపించింది. ఊరు మారింది, నీళ్లు పడలేదు, విరేచనాలు పట్టుకున్నాయి అనుకున్నాను. ఆగడానికి మాత్రలు ఇచ్చాను. మరునాడు ఇంకా వంగిపోయి వచ్చాడు. ఇంకో రెండు ఇచ్చాను. మూడో రోజు ఫోర్‌మన్ ఆ అమ్మాయిని వెంటబెట్టుకొని స్వయంగా నా గదికి వచ్చాడు.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "అంకుల్, అతనికి వచ్చిన రోజు నుంచి అసలు మోషనే కాలేదంట. మీరు ఇచ్చిన గోలీలు వేసుకుంటే ఇంకా బిగుసుకుపోయిందంట."

నా ముప్పై ఏళ్ల సర్వీసు ఆ గదిలోనే నేలకూలింది. ఆ కబురు మధ్యాహ్నానికల్లా క్యాంటీన్ చేరింది. క్యాంటీన్ నడిపే అక్కది రావిర్యాలే. ఎవరినీ వదిలేది కాదు. నా ప్లేట్లో అన్నం పెడుతూ, "ఏందన్నా, ఇంటికి తాళమేసినట్లు మనిషికి తాళమేసినవట," అంది. చుట్టూ ఉన్న బల్లలన్నీ నవ్వాయి. ఆ రోజే వాళ్ల భాష నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

మా సేఫ్టీ ఆఫీసర్ కోస్తా నుంచి వచ్చిన మనిషి. మంచివాడే, కానీ ఆయన ప్రాణమంతా ఒక తెల్ల బోర్డు మీద ఉండేది. ప్రమాదం లేకుండా గడిచిన రోజులు, హెల్మెట్ పెట్టుకోనివాళ్ల సంఖ్య, అన్నీ ఆ బోర్డు మీద రోజూ రాసేవాడు. నా కోరిక చెప్పగానే ఆయన కళ్లు మెరిశాయి.

"చాలా మంచి ఆలోచనండి. అయితే ఊరికే నేర్చుకుంటానంటే కుదరదు. టార్గెట్ ఉండాలి. రోజుకు ఎన్ని మాటలో చెప్పండి, బోర్డు మీద ఒక గడి పెడదాం."

"ఐదు పెట్టుండ్రి సార్," అన్నాను. రెండు అనివుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. నోరు జారింది.

పద్ధతి కుదిరింది. పొద్దున టీ వేళ ఫోర్‌మన్ వేడినీళ్ల సీసా పట్టుకొని షెడ్డు మెట్ల మీద కూర్చునేవాడు. ఆయనకు అరవై దగ్గర పడి ఉంటాయి. ఆ అమ్మాయి ఐదు మాటలు నా పొడుగు నోట్‌బుక్కులో తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాసేది. ఫోర్‌మన్ ఒక్కొక్కటి పలికి, గొంతు ఎక్కడ లేవాలో ఎక్కడ దిగాలో గాలిలో చేత్తో గీసి చూపించేవాడు. నేను తల ఊపేవాణ్ణి. తల ఊపడం నాకు బాగా వచ్చు.

ఇక బట్టీ కొట్టే పని నాది. నాకు తెలిసిన బట్టీ ఒక్కటే. మా చిన్నప్పుడు సారు బెత్తం పట్టుకొని నిలబడితే నలభై మందిమి ఊగుతూ ఎక్కాలు పాడేవాళ్లం. రెండొకట్ల రెండు, రెండ్రెళ్ల నాలుగు. ఇప్పటికీ ఎవరైనా ఏడెనిమిదులెంత అని అడిగితే నేను నేరుగా చెప్పలేను. లోపల ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి ఎనిమిది దాకా రావాలి. చైనా మాటల్ని కూడా నేను అదే రాగంలో పెట్టుకున్నాను. మొదటి రెండు రోజులు ఒకటి నుంచి పది అంకెలు. యీ, అర్, సాన్, స్సి, ఊ. మూడో రోజు లోపల, బయట, పైన, కింద, పక్కన. లీమ్యెన్, వైమ్యెన్, షాంగ్మ్యెన్, ష్యామ్యెన్, పాంగ్‌బ్యెన్. నాలుగో రోజు నుంచి తల, కన్ను, చెవి అంటూ అరికాలి దాకా శరీరం. ఆ తర్వాత నొప్పి, మంట, వాంతి, జ్వరం. ఇట్లా రోజుకు ఐదు చొప్పున ఒకే తాడుకు ముడివేసుకుంటూ పోయాను. బస్సులో ఊగుతూ పాడేవాణ్ణి. పక్క సీటువాళ్లు ఏదో మంత్రం అనుకొని జరిగి కూర్చునేవారు.

బోర్డు మీద నా గడి నిండుతూ వచ్చింది. యాభై, వంద, నూట యాభై. సేఫ్టీ ఆఫీసర్ ఉత్సాహంతో ఐదును ఏడు చేశాడు. క్యాంటీన్ అక్క బోర్డు ముందు నిలబడి, "బాలాపూర్ లడ్డు వేలంపాట లెక్క పెంచుతనే ఉన్నరు గదన్నా. ఇగ ఎక్కడ ఆపుతవ్?" అని అడిగింది.

ఒక్క ఫోర్‌మన్‌కు మాత్రం నా గడి నచ్చలేదు. ఒకరోజు ఆయన ఆ అమ్మాయితో చాలాసేపు ఏదో చెప్పాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

"అంకుల్, ఎన్ని మాటలు వచ్చాయని లెక్కపెట్టుకోవద్దంటున్నారు. వారానికి ఒక పని పెట్టుకోమంటున్నారు. ఈ వారం మీరు ఆయన్ని ఏదో ఒకటి అడగాలి, ఆయన చెప్పింది వినాలి, విన్నదాని ప్రకారం చేయాలి. అంతే. అది ఒక్కటి వస్తే చాలంట."

ఇదెంత పని అనుకున్నాను. మరునాడే ఆయన దగ్గరకు పోయి, నీళ్లు తాగుతారా అని చైనా భాషలో అడిగాను. అడగ్గానే ఆయన మొహం వెలిగింది. సంతోషంగా ఏదో పెద్ద జవాబు చెప్పాడు. నేను బాగా తల ఊపి, పరుగున పోయి చల్లటి నీళ్ల గ్లాసు తెచ్చి చేతికిచ్చాను. ఆయన గ్లాసు వైపు చూశాడు, తన రెండో చేతిలో ఉన్న వేడినీళ్ల సీసా వైపు చూశాడు. తర్వాత తెలిసింది ఆయన చెప్పింది: నా దగ్గర ఉన్నాయి, చల్లటివి నేను తాగను, నువ్వు ఇట్లా కూర్చో. ఆయన నవ్వలేదు. ఆ నీళ్లు మొత్తం తాగాడు. నేను మాత్రం ఆ సలహాను పక్కనపెట్టి గడి నింపడంలో పడ్డాను. గడి నిండితే పదిమంది మెచ్చుకుంటారు. వినడం వచ్చిందో లేదో ఎవరికి కనిపిస్తుంది?

మూడు వందలు దాటిన రోజు అందరి ముందూ నాకు ఒక గోడ గడియారం ఇచ్చారు. నేను మైకు ముందు నిలబడి యీ నుంచి మొదలుపెట్టి మూడు వందల మాటలూ ఒక్క ఊపులో పాడాను. చప్పట్లు మోగాయి. చైనా పనివాళ్లు కూడా కొట్టారు. ఫోర్‌మన్ కొట్టాడా లేదా అని నేను చూసుకోలేదు.

ఆ తర్వాత రెండు వారాలకు వచ్చింది ఆ రోజు.

ఎండాకాలం, మధ్యాహ్నం భోజనాల వేళ. చైనావాళ్ల కాగితాల నమోదు పని ఏదో ఉండి, ఫోర్‌మన్, ఆ అమ్మాయి పొద్దున్నే అందరినీ బస్సులో పట్నం తీసుకెళ్లారు. పని ఆగకూడదని ఒక్క వెల్డరును ఉంచారు. బక్కపల్చగా ఉండే మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. పదకొండు మంది పోయారు, ఒకడు ఉన్నాడు. గేటు పుస్తకంలో అట్లాగే రాసి ఉంది.

మిషను కింద నేలలో ఒక సంపు కట్టారు. లోపల రెండు గదులు, మధ్యలో అడ్డుగోడ, గోడకు కింద మనిషి దూరేంత సందు. నీళ్లు ఊరకుండా లోపల గోడలకు కొత్తగా రంగు పూశారు. ఆ రంగు ఆవిరి గాలి ఆడని చోట నిలిచిపోతే మనిషికి మత్తు కమ్ముతుంది. అందుకే సంపులోకి దిగేవాళ్లు తమ పేరున్న ఇత్తడి బిళ్లను బయట పలక మీద తగిలించి దిగాలని సేఫ్టీ ఆఫీసర్ నియమం. బిళ్ల ఉంటే మనిషి లోపల ఉన్నట్టు.

మజ్జిగ బకెట్ పట్టుకొని షెడ్డు పక్కగా పోతున్న క్యాంటీన్ అక్క మొదట చూసింది. సంపు మూతి దగ్గర వెల్డరు బోర్లా పడి ఉన్నాడు. ఆమె కేక నా గది దాకా వినిపించింది. నేను సిలిండరు లాక్కుంటూ పరుగెత్తాను. నీడలోకి జరిపి, వెల్లకిలా తిప్పి, మాస్కు పెట్టాను. పెదవులు నల్లబడ్డాయి కానీ నాడి కొట్టుకుంటోంది. రెండు నిమిషాల్లో కళ్లు తెరిచాడు.

సేఫ్టీ ఆఫీసర్ వచ్చి పలక చూశాడు. ఒక్కటే బిళ్ల. అది వెల్డరుదే. అయినా ఆయన నేలమీద పడుకొని సంపు మూతిలోంచి టార్చి వేసి చూశాడు.

"లోపల ఎవరూ లేరండి. భగవంతుడి దయ, మనిషి తనంతట తానే బయటికి వచ్చేశాడు," అన్నాడు. చుట్టూ రిబ్బను కట్టించి, అంబులెన్సుకు ఫోన్ చేయడానికి నాలుగడుగులు పక్కకు పోయాడు. ఆయన గొంతులో ఊరట వినిపించింది. నాకూ అదే ఊరట.

వెల్డరుకు మాత్రం ఊరట లేదు. మాస్కు లోపలి నుంచే ఏదో చెబుతున్నాడు. ఒక మాట కాదు, ఒక ప్రవాహం. మాస్కు పీకబోతే నేను మళ్లీ పెట్టాను. ఆ అమ్మాయికి ఫోన్ చేయించాను, పలకలేదు. వాళ్లున్న ఆఫీసులో ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారని తర్వాత తెలిసింది. చుట్టూ నిలబడ్డవాళ్లందరూ నన్నే చూస్తున్నారు. గడియారం గెలిచిన మనిషిని నేను.

"ఏమంటున్నడన్నా?" అని అడిగింది క్యాంటీన్ అక్క.

"జర ఆగు అక్కా," అన్నాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మూడు వందల మాటలు నా దగ్గర ఉన్నాయి. అవన్నీ నా నోట్లోంచి బయటికి పోవడానికే తప్ప, ఒక్కటి కూడా చెవిలోంచి లోపలికి రావడానికి నేర్చుకున్నది కాదు. మూడు నెలల్లో ఒక్కరోజు కూడా వినడాన్ని నా కాగితం మీద రాసుకోలేదు.

ఎక్కడ నొప్పో అడుగుదామనుకున్నాను. ఛాతీ అన్న మాట కావాలి. దాని కోసం తడుముకుంటే దొరకలేదు. ఏడెనిమిదుల సంగతే మళ్లీ. మధ్యలోంచి మొదలుపెట్టడం నాకు చేతకాదు. అతని చెయ్యి నా చేతిలో ఉంది, నాడి చూస్తున్నాను. ఇక దారిలేక మొదటి నుంచి అందుకున్నాను. యీ, అర్, సాన్, స్సి. గబగబా అంకెలు దాటేశాను. లోపల, బయట, పైన, కింద దాటేశాను. తల దగ్గర వేగం తగ్గించి, కన్ను, చెవి, మెడ, ఛాతీ అంటూ ఒక్కొక్కటి అతని మొహంలోకి చూస్తూ చెప్పాను. అరికాలి దాకా వచ్చాను. అతను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. కళ్లలోంచి నీళ్లు చెంపల మీదుగా చెవుల్లోకి కారుతున్నాయి.

మళ్లీ మొదలుపెట్టాను. యీ. అర్.

అతని చెయ్యి నా చేతిని బిగించి పట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మొదటిసారి చదివినప్పుడు కూడా ఆ చెయ్యి అక్కడే బిగుసుకుంది. వణుకేమో అనుకొని నేను ముందుకు పోయాను. అంకెలు నాకు తొందరగా దాటేయాల్సిన మెట్లు మాత్రమే. అతను అప్పుడే చెప్పాడు. నేనే ఆగలేదు.

"అర్?" అని అడిగాను. రెండు. అతను కళ్లు గట్టిగా మూసి తెరిచాడు, చెయ్యి ఇంకా బిగించాడు. మిగతా అంకెలు వదిలేసి, జీవితంలో మొదటిసారి తాడును మధ్యలో తెంపి, లీమ్యెన్ అన్నాను. లోపల. చెయ్యి బిగిసింది. వైమ్యెన్, బయట. చెయ్యి వదులైంది. షాంగ్మ్యెన్, పైన. కదలలేదు. ష్యామ్యెన్, కింద. నా వేళ్లు విరిగిపోతాయేమో అన్నంత గట్టిగా పట్టుకున్నాడు.

రెండు. లోపల. కింద.

"సార్, ఇంకొకడున్నడు," అని అరిచాను. "ఇద్దరు దిగిండ్రు సార్. ఇంకొకడు లోపల్నే ఉన్నడు."

సేఫ్టీ ఆఫీసర్ చెవి దగ్గర ఫోన్ అట్లాగే పట్టుకొని చూశాడు. "నేను చూశాను కదండీ. బిళ్ల కూడా ఒక్కటే..."

"గోడ అవతల చూసిండ్రా సార్?"

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. మా వాళ్లలో ఒకరు దూకబోతే ఆయన నడుం పట్టి వెనక్కి లాగాడు. "ఎవరూ దిగకండి. ఊరికే దిగితే ఇద్దరు ముగ్గురవుతారు," అన్నాడు. ఆ మాట అనే నిబ్బరం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో కానీ, ఆ తర్వాత ఆయన చేతులు తడబడలేదు. గాలి సిలిండరు వీపుకు కట్టుకున్నాడు, మాస్కు తగిలించాడు, నడుముకు తాడు కట్టించుకొని తానే దిగాడు. ఫ్యాను గొట్టం లోపలికి దించారు. తాడు మా చేతుల్లోంచి జారుతూ పోయింది. పైనుంచి ఒక విమానం దిగుతూ పోయింది, ఆ చప్పుడు తగ్గేదాకా ఊపిరి పీల్చుకున్నవాళ్లు లేరు.

తాడు రెండుసార్లు గుంజింది. లాగాము. మొదట వచ్చింది ఆయన కాదు. భుజాలు వెడల్పుగా ఉండే ఒక ఫిట్టరు. బస్సులో పట్నం పోయాడని గేటు పుస్తకం చెప్పిన మనిషి. ఊపిరి ఉందా లేదా అన్నట్టు ఉంది. నేను ముప్పై ఏళ్లలో నేర్చుకున్నదంతా అతని మీద పెట్టాను. అంబులెన్సు గేటు దాటే వేళకు అతని ఛాతీ తనంతట తాను లేచి దిగడం మొదలుపెట్టింది. అది చూస్తూ నేలమీద కూలబడ్డాను. క్యాంటీన్ అక్క నా పక్కన కూర్చొని మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది. ఆ రోజు ఆమె నన్ను ఏమీ ఏడిపించలేదు.

సాయంత్రానికి కథంతా తెలిసింది. వెల్డరు ఒంటరిగా మిగిలాడని ఫిట్టరు గేటు దగ్గర బస్సు దిగి వెనక్కి వచ్చాడు. పుస్తకంలో ఎవరూ దిద్దలేదు. భోజనాల వేళ పలక దగ్గరి కాపలా మనిషి తిండికి పోయినప్పుడు, లోపల వెల్డరు తూలడం చూసి, బిళ్ల సంగతి ఆలోచించకుండా దిగాడు. అతన్ని నిచ్చెన మీదికి తోశాడు. తాను ఆ మత్తులో దారి తెలియక, ఎక్కే వైపు అనుకొని గోడ సందులోంచి అవతలి గదిలోకి పోయి పడిపోయాడు.

దవాఖానలో మూడు రోజులుండి ఇద్దరూ తిరిగి వచ్చారు. నన్ను అందరూ మెచ్చుకోవడం మొదలుపెట్టారు. మెచ్చుకున్న ప్రతిసారీ నేను మాట మార్చేవాణ్ణి. జరిగినదాని మీద మీటింగు పెట్టినప్పుడు లేచి చెప్పేశాను.

"మొదటిసారే చెయ్యి పట్టిండు సార్. నేను సమజ్ చేసుకోలే. తల, కన్ను, చెవి అనుకుంట అరికాలి దాకా పోయిన. ఆ టైమంతా ఆయన లోపల్నే ఉన్నడు."

సేఫ్టీ ఆఫీసర్ లేచి అన్నాడు. "టార్చి వేసి చూసి ఎవరూ లేరని చెప్పింది నేనండి. మీరు రెండోసారి అయినా మొదలుపెట్టారు. నేను రెండోసారి చూడలేదు." మీటింగు అయ్యాక ఆయన బోర్డు దగ్గరకు పోయి, నా గడిని తన చేత్తోనే తుడిచేశాడు. మూడు వందల చిల్లర అంకె ఉన్న చోట తెల్లటి ఖాళీ మిగిలింది.

నాకు అంతుపట్టనిది ఇంకొకటి ఉండేది. నా పలుకు ఎట్లాంటిదో నాకు తెలుసు. ఎక్కాల రాగంలో పెట్టి గొంతు లేవాల్సిన చోట దించి, దిగాల్సిన చోట లేపి నాశనం చేసిన మాటలు అవి. అవి ఆ మనిషికి ఎట్లా అర్థమయ్యాయి? ఆ అమ్మాయిని అడిగాను.

"మీరు విడిగా ఒక్క మాట చెబితే అతనికి అర్థమయ్యేది కాదంకుల్," అంది. "వరసగా చెప్పారు కాబట్టి తెలిసింది. ఒకటి తర్వాత వచ్చేది రెండే కదా, ఎట్లా పలికినా."

ఏ మామిడిపల్లి బడి, ఏ బెత్తం, ఎక్కడి సంపు. నేను తప్పుగా నేర్చుకున్న పద్ధతి, తప్పుగా పాడిన రాగం, మధ్యలోంచి మొదలుపెట్టలేని నా చేతకానితనం, ఇవన్నీ కలిసి ఒక మనిషిని నేల లోపలి నుంచి పైకి తెచ్చాయి. దాన్ని తెలివి అనడానికి నాకు నోరు రాదు. తలుచుకుంటే ఇప్పటికీ చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి.

ఆ మరునాడు టీ వేళ నేను నోట్‌బుక్ లేకుండా మెట్ల దగ్గరకు పోయాను. వాళ్లు వెళ్లిపోవడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి. ఆ అమ్మాయి చేత ఫోర్‌మన్‌కు ఒకటే చెప్పించాను. మీరు వెళ్లేలోపు మీవాళ్లలో ఎవరైనా ఒక మనిషి ఒకసారి చెప్పింది నాకు మొత్తం అర్థం కావాలి. ఒక్కసారి చాలు. ఇదే నా టార్గెట్. ఆయన సీసా మూత తీసి, పక్కన చోటు చూపించాడు. ఈసారి ఆ సైగ అర్థమైంది. కూర్చున్నాను.

అప్పటి నుంచి రోజూ టీ వేళంతా ఆయన మాట్లాడేవాడు, నేను వినేవాణ్ణి. తల ఊపడం నిషేధం, అది ఆయన పెట్టిన ఒకే ఒక్క నియమం. మొదటి నెల అంతా చప్పుడే. రెండో నెలలో బియ్యంలో రాళ్లు కంటబడినట్టు అక్కడక్కడా మాటలు తగలడం మొదలైంది. ఒకరోజు వాన. ఇంకోరోజు అక్క. ఆయన రోజూ చెబుతున్నది ఒకే సంగతి అని మూడో నెలలో గాని కనిపెట్టలేకపోయాను. చిన్నప్పుడు వానలో అక్క భుజాల మీద ఎక్కి బడికి పోయిన సంగతి. అరవై రోజులకు పైగా ఆయన నా కోసం అదొక్కటే చెప్పాడు. ఎన్నడూ విసుక్కోలేదు. అది తెలిసిన రోజు నేను ఆయన మోకాలు ముట్టుకున్నాను. ఎందుకని ఆయన అడగలేదు.

మిషను తిరిగింది. వాళ్లు వెళ్లే రోజు వచ్చింది. ఫ్యాక్టరీ బస్సులో అందరం శంషాబాద్ పోయాం. లోపలికి పోయే తలుపు దగ్గర తోపుడు బండ్లు వరసకట్టి, సామాన్లు దించుతూ హడావిడిగా ఉంది. ఫోర్‌మన్ నా రెండు చేతులూ పట్టుకొని, వదిలి, ఒక పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆయన వెనక ఆ ఫిట్టరు ఉన్నాడు. దవాఖాన నుంచి వచ్చాక అతను నాకు ఎదురైనప్పుడల్లా వంగి నమస్కరించేవాడు తప్ప మాట్లాడేవాడు కాదు. ఆ అమ్మాయి టికెట్ల పనిలో దూరంగా ఉంది. అతను ఒకసారి ఫోర్‌మన్ వైపు చూసి, నా వైపు తిరిగి, మామూలు వేగంతోనే చెప్పాడు.

నేను ఇంటికి వెళ్తున్నాను. నేను సంపులో పడిన నెల రోజులకు నాకు కూతురు పుట్టింది. ఇప్పటిదాకా చూడలేదు. రేపు చూస్తాను.

నేను తల ఊపలేదు. అతని మొహంలోకి చూస్తూ అతని భాషలోనే అడిగాను, పాప పేరేమిటని. అతను చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్లది. కానీ ఒక్కసారి వినగానే పట్టుకున్నాను, ఇప్పటికీ మరచిపోలేదు. ఫోర్‌మన్ అప్పుడు చప్పట్లు కొట్టాడు. మెల్లగా, రెండుసార్లు. నేను చూశాను.

వాళ్లు అద్దాల తలుపు దాటి లోపలికి వెళ్లిపోయారు. బస్సు నన్ను మామిడిపల్లి మలుపు దగ్గర దించింది. ఇంటి దారిలో నడుస్తూ ఆ మాటల్ని మళ్లీ మళ్లీ మనసులో తిప్పుకుంటుంటే అప్పుడు తట్టింది నాకు. వాటిని అర్థం చేసుకోవడానికి నేను ఒకటి నుంచి మొదలుపెట్టలేదు.